ఖాళీ గిన్నె

హైమావతికి ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. మూడేళ్లుగా థైరాయిడ్ కణాలతోనే కాపురం చేస్తున్న పిల్ల మరి! గొంతులోని ఆ కణాలు నెత్తుట్లోంచి అయోడైడ్‌ని లాక్కుని, అవతలి గోడలోని సన్నని ద్వారాల గుండా లోపలి గదిలోకి వదులుతాయి. హార్మోను తయారయ్యేది అక్కడే. ఆ ద్వారాల్లో ఒకటి ఉప్పులోని క్లోరైడ్‌నీ పోనిస్తుంది. దాని మొగ్గు ఎటువైపన్నదే ఆమె పరిశోధన.

"అయోడైడ్ వైపే సార్! వంద రెట్లు!" అంటూ రహంతుల్లా మాస్టారి ముందు కాగితం పెట్టింది. "అయిదింటిలోగా సదస్సుకి పంపాలి. ఇది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. మీ సంతకమొక్కటే తక్కువ."

మాస్టారు కాగితం ముట్టుకోలేదు. లేచి వెళ్లి, కరెంటు కొలిచే యంత్రం మీదున్న కణాల గిన్నె తీసి పక్కన పెట్టారు. ఖాళీ గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, గాజుసూదినీ వెండితీగనీ అందులోకి దించారు.

"ఇప్పుడు ఆ నీళ్లు తీసేసి అయోడైడ్ నీళ్లు పొయ్యి."

"ఇందులో కణాల్లేవు సార్."

"పొయ్యమ్మా."

పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకుంటూ పోసింది. ద్వారం మొగ్గుని చూపాల్సిన తెర మీది గీత చటుక్కున జరిగింది. ఆమె కాగితంలో ఉన్నంతే జరిగింది.

హైమావతి తీగ పైకి తీసి చూసింది. బూడిదరంగు తీగ పసుపుపచ్చగా మారింది. అయోడైడ్ తగిలితే వెండితీగ ఇలా మారుతుందనీ, తెర మీద గీతని కూడా జరుపుతుందనీ ఆమెకి తెలియక కాదు. అందుకే తీగకీ నీళ్లకీ మధ్య ఉప్పు కలిపిన అగర్ జెల్లీ నింపిన గాజుగొట్టం పెడతారు. తొందరలో ఆ గొట్టాన్ని నెల కిందటే అవతల పడేసింది.

మాస్టారు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. హైమావతికి ఏడుపొచ్చింది, తన మీద తనకే ఒళ్లు మండింది. గడియారంలో అయిదు దాటింది. కాగితం చింపేసి, అగర్ ఉడకబెట్టడానికి నీళ్లు పెట్టింది.

పదిహేను రోజుల తర్వాత మాస్టారే అడిగారు.

"ఎన్ని రెట్లు?"

"నాలుగు సార్. అంతే. అది అందరికీ తెలిసిందే."

"ఆ కొత్త కాగితం ఇలా ఇవ్వు."

"సదస్సు గడువు దాటిపోయిందిగా సార్."

మాస్టారు జేబులోంచి కలం తీసి సంతకం చేశారు.

"ఈసారి చెప్పింది కణమే కదమ్మా."