కెరటమెక్కిన కొత్తల్లుడు

నల్లరాళ్లు కోరల్లా పొడుచుకొచ్చిన ఆ తీరంలో మెత్తటి ఇసుక ఉన్నది ఒక్కచోటే. అక్కడ నీటిపిల్లులు చెక్కపలకలెక్కి, కెరటాల మీద జారుతూ ఒడ్డుకొస్తుంటాయి. మనుషులు దాన్నే సర్ఫింగ్ అంటారట. మన గుర్నాథం నక్కేమో చినుకు పడితేనే గుహలో దూరే రకం. అయితేనేం, పెళ్లిచూపుల్లో "కెరటాల మీద స్వారీ నాకు మంచినీళ్లప్రాయం" అని కోసేశాడు. ఇప్పుడా స్వారీ చూద్దామని మావగారు బంధువులందరినీ వెంటేసుకుని కొండ దిగొచ్చి, ఇసుకలో చతికిలబడ్డాడు! గుర్నాథం గుండెల్లో రాయి పడింది. పరువు పోతే ఇక అత్తారింటి గడప తొక్కడమెలా?

చాటుగా, అక్కడ పలకెక్కడం నేర్పే తాబేలు అప్పలనరసమ్మ దగ్గరకు పరుగెత్తాడు.

"పెద్దమ్మా, ఓ పలక ఇప్పించు. ఎలా ఎక్కాలో కూడా చెప్పెయ్."

"ఈ ఒడ్డున ఎవరైనా మొదట నురగలో బోర్లా పడుకునే నేర్చుకోవాలి బాబూ. మా పిల్లలూ అంతే."

"మావగారి ముందు బోర్లానా! నా మీసాలేం కావాలి?"

"తడుస్తాయి, అంతేగా! ఆ రాతి పక్కన, కెరటం లేని చోటికి మాత్రం పోకు. నీళ్లు లోపలికి లాగేస్తాయి."

గుర్నాథం లోలోపల నవ్వుకున్నాడు. 'మంచి చోటు తన పిల్లలకి దాచుకుంటోంది ముసల్ది! నన్నే బురిడీ కొట్టిద్దామనే!' అనుకుని, తిన్నగా ఆ రాతి పక్కకే పోయి పలకెక్కాడు.

అంతే! పలక రయ్యిమని సముద్రంలోకి దూసుకుపోయింది.

"కాపాడండి బాబోయ్!" అంటూ ముందుకాళ్లు ఊపాడు.

"చూశారా, మనకే ఊపుతున్నాడు!" మావగారు పొంగిపోయాడు. బంధువులు ఈలలేశారు.

"చచ్చిపోతున్నాను మావగారూ!"

"అబ్బబ్బ, ఎంత బాగా నటిస్తున్నాడో!" చప్పట్లు మోగిపోయాయి.

ఇంతలో అప్పలనరసమ్మ ఈదుకుంటూ వచ్చింది. "అరుపులాపి బోర్లా పడుకో. పక్కకి తోస్తాను, అక్కడ కెరటం అందుకుంటుంది."

ఈసారి గుర్నాథం మీసాల మాటెత్తలేదు. కెరటం అతన్ని మోసుకొచ్చి, సరిగ్గా మావగారి కాళ్ల దగ్గర పడేసింది.

నోట్లోని ఇసుకతో పాటు నిజం కూడా కక్కేశాడు. "మావగారూ, నాకు ఈతే రాదు. అన్నీ కోతలే."

మావగారి కళ్లు చెమర్చాయి. "ఇంత విద్య ఉండీ ఎంత వినయమో! అల్లుడుగారూ, మా అమ్మాయి వెనకాలే వస్తోంది. పాపం, తను చూడలేదు. ఇంకొక్కసారి!"

అప్పలనరసమ్మ మెల్లగా పలక ముందుకు తోసింది. "పద బాబూ, నురగలోకి. బోర్లా."

గొప్పలు చెప్పి నమ్మించినవాడికి, ఆపదలో కేకేసినా చప్పట్లే దక్కుతాయి.