ముప్పై సెకన్ల సత్తువ

గవిరినాయుడి ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు లెండి, ఆ ఇంట్లోవాళ్ళే రోజూ పొద్దున్నే ఒకసారి అనుకునేవారు. ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని చెప్పినట్టు చెయ్యకుండా అటూ ఇటూ తిప్పి ఆలోచించేవాళ్ళంతా మూర్ఖులని గవిరినాయుడి గట్టి నమ్మకం. తమ్ముడు బంగారునాయుడిదీ అదే నమ్మకం.

వాళ్ళ చెల్లెలు పైడితల్లి నాలుగు వందల మీటర్ల పరుగులో జిల్లాకే మొదటిది. పట్నంలో ఆటల హాస్టల్లో చేరితే తిండీ, చదువూ, పరుగూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కానీ ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. పరీక్ష పెట్టే డేవిడ్ మాస్టారు వారం ముందే గవిరినాయుణ్ణి పిలిచి అంతా విడమరిచి చెప్పాడు. నేలకు బిగించిన సైకిలు మీద ముప్పై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కాలట. అంత జోరులో కండలు ఊపిరి అందేదాకా ఆగవట, లోపల దాచుకున్న సత్తువనే వాడుకుంటాయట. అది ఎంతుందో సైకిలు కొలుస్తుందట. ఆఖరి వంద మీటర్లలో మనిషిని నెగ్గించేది అదేనట.

"అందాకా అమ్మాయి సత్తువ వృథా కాకుండా చూసుకో నాయుడూ," అన్నాడు మాస్టారు.

అంతే. ఆ రోజు నుంచి పైడితల్లిని కాలు కింద పెట్టనిస్తే ఒట్టు. నమిలితే సత్తువ పోతుందని జావ పోశారు. నవ్వితే పోతుందని ఇంటిల్లిపాదీ నవ్వు మానేశారు. ఆమెకు ఆవలింత వస్తే బంగారునాయుడు ఆవలించాడు. పైడితల్లీ ఆ ఇంటి పిల్లే కదా, రెప్పలు కూడా నువ్వే ఆర్పిపెట్టన్నయ్యా అని అడిగింది. పరీక్ష రోజున మంచంతో సహా పట్నం హాస్టలుకి మోసుకొచ్చారు.

మాస్టారు ఈల వేశాడు. ఊపిరితో పని లేదన్నారు కదా అని గవిరినాయుడు చటుక్కున చెల్లెలి ముక్కు మూశాడు. మాస్టారు ఆ చెయ్యి లాగిపారేసి మళ్ళీ మొదలుపెట్టించాడు. పైడితల్లి పళ్ళు బిగించి తొక్కుతోంది. కానీ సైకిలు జానెడైనా కదలట్లేదు. వారం రోజుల కష్టమూ, ఆ ఒక్క చోటూ గంగపాలయ్యాయనుకున్నాడు గవిరినాయుడు. ముప్పై సెకన్లు అయిపోయాయని మాస్టారు అంటున్నా వినిపించుకోలేదు. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ వెనక నుంచి ఒక్క తోపు తోశారు. బోల్టులు ఊడి, పిల్లతో సహా సైకిలు గుమ్మం దాకా పోయింది.

మాస్టారు తల పట్టుకున్నాడు. అయినా పైడితల్లి వేలి నుంచి ఒక రక్తపు చుక్క తీసి చూశాడు. కండలు ఎంత కష్టపడ్డాయో ఆ చుక్క చెబుతుంది. సైకిలు చూపించిన అంకె, చుక్క చెప్పిన అంకె కాగితం మీద వేశాడు. వచ్చిన పిల్లలందరిలోనూ అవే ఎక్కువ. ఒంట్లో ఉన్నదంతా సైకిలుకే పెట్టేసిందని మెచ్చుకున్నాడు.

ఆ మెప్పు విని గవిరినాయుడు వణికిపోయాడు. చెల్లెలేమో నేల మీద చతికిలబడి ఉంది, సత్తువేమో సైకిల్లో ఉండిపోయింది. ముందుకు తొక్కితే పోయినది వెనక్కి తొక్కితే రావాలి కదా. వెంటనే సైకిలెక్కి కాళ్ళు పడిపోయేదాకా వెనక్కి తొక్కాడు. ఈలోగా పైడితల్లి ఊపిరి కుదుటపడి లేచి నిలబడింది. వచ్చేసిందని గవిరినాయుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మరి సత్తువ వెనక్కి తీసుకున్నాక దాని అంకెలు మాస్టారి దగ్గర ఉంచడం ఏం న్యాయం? తిన్నగా వెళ్ళి, తడి బొటనవేలితో ఆ రెండంకెలూ చెరిపేశాడు.

మాస్టారు ఆ కాగితం పక్కన పడేశాడు. తరవాత కొత్త కాగితం తీసి, అంకెలు గుర్తు తెచ్చుకుని వేసి, పైన పైడితల్లి పేరు రాశాడు.

"చోటు పిల్లదే. కానీ ఇవాళ్టి నుంచి మీరిద్దరూ ఆ గేటు దాటారంటే ఆ చోటు పోయినట్టే," అన్నాడు.

గవిరినాయుడు గేటు వైపు చూశాడు. దానికి అవతల ఊరుంది, కోతకొచ్చిన చేనుంది. తామిద్దరూ మాత్రం ఇవతల ఉన్నారు. చెల్లెలి కంటే చేను ఎక్కువా అనుకుని, అక్కడే కండువా పరుచుకుని కూర్చున్నాడు. పక్కనే తమ్ముడూ కూర్చున్నాడు.

మూడేళ్ళయింది. పైడితల్లి ఊళ్ళు తిరిగి పతకాలు తెస్తోంది. అన్నలిద్దరూ గేటు లోపలే ఉన్నారు. మాస్టారు దండం పెట్టి ఇంటికి పొమ్మన్నా కదలరు, ఆడపిల్ల బతుకు పాడుచేస్తారా అని ఆయన్నే కోప్పడతారు.