కనబడని మచ్చ: ఊపిరి నోము కథ

పూర్వము శమదత్తుడను ముని ఊరూరు తిరిగి వచ్చి, తన గురువగు వేణుకర్ణ మహామునికి మ్రొక్కి, "స్వామీ, కడుపులోని శిశువునకు ఊపిరితిత్తిలో మచ్చ యున్నదని విని తల్లులు తల్లడిల్లుచున్నారు. ఇంకను గాలి పీల్చని బిడ్డకు ఊపిరిలో దోషమేమి? వారు పట్టవలసిన నోమేది?" అని యడిగెను. మహాముని ఆ సందేహమునకు సంతసించి యిట్లు చెప్పెను.

నూలుపాడను ఊరిలో భావనారాయణ అను నేతగాడు కలడు. అతని భార్య అలివేలు. దేనినైనను మెదలక కూర్చుండి చూచుట ఆమె స్వభావము. ఆమె గర్భవతియై స్కానింగునకు పోగా, డాక్టరమ్మ శిశువు రొమ్మున తెల్లని మచ్చ చూపి, అది ఊపిరితిత్తిలో సరిగా ఏర్పడని ముక్క యనియు, తల్లి తప్పు వలన వచ్చినది కాదనియు, పెరుగునో తగ్గునో మరల మరల చూడవలెననియు చెప్పెను. అలివేలునకు భయము కంటె వింతయే ఎక్కువయ్యెను.

"అది లోపల ఏం చేస్తా ఉంటుందమ్మా?" అని అడిగెను.

"అదే కదా మనం చూడాల్సింది" అనెను డాక్టరమ్మ.

అత్తగారు పేరిందేవి కోడలిచేత ఊపిరి నోము పట్టించెను. శుక్రవారము దీపము పెట్టి, పీట మీద దూదిపోగు ఉంచి, అది గాలికి కదలువరకు చూచి లేచుట దాని విధి. నెలలు నిండుసరికి స్కానింగులో మచ్చ కనబడదయ్యెను. బిడ్డ పుట్టి కెవ్వున ఏడ్చెను. ఎక్స్‌రేలోను ఏమియు లేదు. నాంచారి అని పేరిడిరి. డాక్టరమ్మ మాత్రము, బిడ్డ ఎంత బాగున్నను కొన్ని నెలలకు పెద్ద స్కానింగు చేయించి తీరవలెనని చెప్పి పంపెను.

పేరిందేవి ఉద్యాపన చేయించి ముత్తైదువలకు వాయనములిప్పించెను. స్కానింగునకు పోవలసిన దినమున కోడలిని గుమ్మములోనే ఆపి, "వాయనం ఇచ్చేశాక మళ్ళీ వెతుకుతావటే? అమ్మవారి మీద నమ్మకం లేకనా?" అనెను. భావనారాయణ తల్లి మాట కాదనలేక మగ్గపు గుంటలోనికి దిగెను. అలివేలు బిడ్డతో లోనికి మరలెను; ఆ స్కానింగు నిలిచిపోయెను.

అంతట నాంచారికి జ్వరము, దగ్గు వచ్చెను. మందు వేయగా తగ్గెను. మరల వచ్చెను. ఈ మారు బిడ్డ పాలు మానెను. బిడ్డ చింతతో పని సాగక మగ్గము మూగవోయెను. ఒక పగటివేళ అలివేలు నోముపీట మీది దూదిపోగు తీసి, నిద్రించు బిడ్డ ముక్కు కడ పట్టెను. పోగు నిలకడ లేక వణికెను. ప్రక్కటెముకల నడుమ చర్మము లోనికి గుంజుకొనుచుండెను. ఆమె బిడ్డను భుజాన వేసికొని లేచెను.

"అత్తా, నోములో చూడమన్నారు. చూశాను. ఆసుపత్రికి పోతన్నా."

పేరిందేవి చెప్పులు తొడిగెను. భావనారాయణ బండి తీసెను.

పెద్ద స్కానింగులో మచ్చ ఉన్నచోటనే ఉండెను. దానిలో చీము చేరియుండెను.

"పోయిందన్నారుగా!" అని పేరిందేవి వాపోయెను.

"కనపడలేదన్నాం పెద్దమ్మా, పోయిందనలేదు. చుట్టూ ఉన్న ఊపిరితిత్తిలో కలిసిపోయి కనపడలేదు" అనెను డాక్టరమ్మ.

"తెల్ల నేతలో తెల్ల ముడి మాదిరి" అనెను అలివేలు. డాక్టరమ్మ ఆమె వంక తేరిపార చూచి తల యూచి, ఆ ముక్కను కోసి తీసివేయవలెనని చెప్పెను.

"కోసేస్తే మిగిలింది చాలుద్దా తల్లీ?" అని పేరిందేవి కొంగు నోట కుక్కుకొనెను.

"పసిది కదా, మిగిలింది పెరుగుతుంది."

జ్వరము నెమ్మదించిన పిమ్మట వైద్యులు ఆ ముక్కను తీసివేసిరి. నాంచారి ఇల్లు చేరి పాలు కుడిచెను. మగ్గము మరల మ్రోగెను. డాక్టరమ్మ ఇక రానక్కరలేదని చెప్పిన పిదపనే పేరిందేవి రెండవ మారు ఉద్యాపన చేయించి, తొలి వాయనము కోడలికే ఇచ్చెను.

"స్వామీ, మరల వెతికినందుకు అమ్మవారు కోపింపలేదా?" అని శమదత్తుడడిగెను. "నాయనా, చూపే ఆమెకు నైవేద్యము. వైద్యులు చాలునను వరకు నోము ముగియదు; అంతకు మునుపే చూచుట మానుటయే లోపము" అని మహాముని పలికెను.

కడుపులో బిడ్డకు మచ్చ కనబడినవారును, కనబడి మాయమైనవారును ఈ నోము పట్టవలెను. కొందరికి శస్త్రచికిత్స కావలెను, కొందరికి కనిపెట్టియుండుటయే చాలును; ఏది ఎవరికో వైద్యులనడిగి తెలియవలెను. అట్లు చేసినవారి బిడ్డలు పరుగెత్తి ఆడుదురు, అలసి నిదురింతురు. ఈ కథ విన్నవారు అక్షతలు తలపై వేసికొనుటకు ముందు, ఒడిలో నిదురించు బిడ్డ రొమ్ము వంక ఒకసారి చూడవలెను. అది నెమ్మదిగా లేచి దిగుచున్నచో, అక్షతలు మొదట ఆ బిడ్డ తలపైన వేయవలెను.