జాబితాలో మారిన పేరు

రండర్రా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. అరుగు చాలకపోతే చాప ఉంది, కింద పరుచుకోండి. గోడవతల నిలబడి చెవులొగ్గిన పెద్దలు కూడా లోపలికి రావచ్చు. ఈ కథ అసలు మీ కోసమే, పిల్లలది వట్టి నెపం.

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట కనకాచారిగారని పడవలు చేసే వడ్రంగి ఒకాయన ఉండేవాడు. పగలంతా పలకలు చిత్రిక పట్టేవాడు. సాయంత్రాలు కావాలని వచ్చినవాళ్లకు నాలుగు వేదాంతపు మాటలు చెప్పేవాడు. శిష్యులంటూ అయిదుగురికి మించి లేరు. ఆయనకో అలవాటుండేది. ఎవరేమడిగినా చేతిలో పని ఆపడు. ప్రశ్న మరీ బరువైనదైతే జవాబు కూడా చెప్పడు. పనిముట్ల సంచి తీసి అడిగినవాడి భుజాన తగిలించి "పద" అంటాడు. ఎక్కడికో చెప్పడు, ఎందుకో చెప్పడు.

ఒక ఎన్నికల వేసవిలో ఆ సంచి తాతారావు భుజాన పడింది.

ఆ అయిదుగురు శిష్యుల్లో ఒకడు తాతారావు. అతనికి సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుండేది. తెలివైనవాడే. అయితే ఊళ్లో ఫోన్లన్నీ తన బల్ల మీదికే వస్తాయి గనక, ఊళ్లో నిజాలన్నీ కూడా తన దగ్గరికే వస్తాయని అతనికో నమ్మకం.

ఆ ఏడు ఊరంతటినీ పట్టి కుదిపిన సంగతి ఒకటి ఉంది. ఆ రేవువాళ్లే ఇద్దరు, లోవరాజు, నాగూరు. మీసాలు రాని రోజుల్నుంచీ ఒకే పడవ మీద వేటకెళ్లినవాళ్లు. తర్వాత ఒకే సరుకుల ఓడలో కళాసీలుగా చేరారు. ఏడు నెలల కిందట ఎక్కడో పరాయి దేశపు తీరంలో సముద్రపు దొంగలు ఓడ మీద పడి, ఈ ఇద్దర్నీ పట్టుకుపోయి, అడవిలో బందీలుగా ఉంచారు. ఇంక పోలింగు పన్నెండు రోజులుందనగా, ప్రచారానికొచ్చిన పెద్ద నాయకుడు మైకులో చెప్పాడు: "ఇద్దరిలో ఒకణ్ని వదిలారు. మీ లోవరాజు రేపు ఉదయం మీ ఊళ్లో దిగుతున్నాడు. రెండోవాణ్నీ తెస్తాం!"

లోవరాజు తల్లి పళ్లాలమ్మ. భర్త లేడు, ఒక్కడే కొడుకు. ఆవిడ తెల్లారగట్లే రేవుకి పోయి పండుగప్ప తెచ్చి పులుసు పెట్టింది. దండలొచ్చాయి, డప్పులొచ్చాయి, కెమెరాలొచ్చాయి. ఆవిడ గుమ్మం ముందు జనం తోసుకున్న తోపుకి తలుపు కింది బందు ఊడి, తలుపు ఒక పక్కకి ఒరిగిపోయింది. కారొచ్చి ఆగింది. దిగినవాడు నాగూరు.

పళ్లాలమ్మ అతణ్ని దాటుకుని వెళ్లి కారులోకి వంగి చూసింది. రెండో పక్క తలుపు కూడా తీయించి చూసింది. నాగూరు మట్టిలో పడి ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు. డప్పులవాళ్లు ఆపాలో వాయించాలో తెలియక కాసేపు వాయించారు.

ఇక చూడండి, ఊళ్లో నోళ్లు.

"వాడు విడుదలై రెండు నెలలైందండీ బాబూ. హోటల్లో దాచి ఇప్పుడు వదిలారు. వాడి బుగ్గలు చూళ్లేదా?" అన్నాడొకడు తాతారావు కొట్లో.

"బుగ్గలేటి నీ మొహం! ఎముకల గూడులా ఉంటేనూ."

"అది మేకప్పు" అన్నాడు మొదటివాడు తొణక్కుండా.

దొంగలూ లేరు, ఓడా లేదు, అంతా సినిమా సెట్టింగు అన్నవాడొకడు. ఎదటి పక్షంవాళ్లే దొంగలకు కబురెట్టి పోలింగయ్యేదాకా రెండోవాణ్ని ఆపమన్నారని ఇంకొకడు. అందరి మాటలూ విని తాతారావు తన మాట చెప్పాడు. అదే అందరి నోళ్లూ మూయించింది.

"లోవరాజు పేరు మైకులో చెప్పారా లేదా? చెప్పారు. దిగింది ఎవరు? నాగూరు. మధ్యలో పేరు మారింది. ఎందుకు మారింది? నాగూరు అత్తవారి ఇంటిపేరువాళ్లు ఈ రేవులో అరవై గడపలు. లోవరాజుకి తల్లి ఒక్కతే. అరవై గడపల ఓట్ల కోసం ఒక్క గడప కొట్టేశారు." అని, నాగూరు కాళ్ల మీద పడిన వీడియోని నెమ్మదిగా తిప్పి చూపించాడు. "పెదాలు చూడండి. 'తప్పయిపోయింది' అంటున్నాడు. తప్పు చెయ్యనివాడు ఎందుకంటాడు?"

"బుర్రంటే నీదిరా తాతారావూ!" అన్నారు.

ఆ మాట కొట్టు దాటి, రేవు దాటి, పళ్లాలమ్మ చెవిలో పడింది. ఆనాటినుంచి ఆవిడ కడుపుకింత తినడం మానేసింది. పొద్దున్నే లేచి ఒక పార్టీ ఆఫీసు ముందు, మధ్యాహ్నం రెండో పార్టీ ఆఫీసు ముందు నిలబడేది. "నా కొడుకు పేరు ఎవరు కొట్టేశారయ్యా?" అదొక్కటే మాట. ఇంటికొస్తే ఆ విరిగిన తలుపు దగ్గర, మెట్టు మీద నాగూరు కూర్చుని ఉండేవాడు. రోజూ వచ్చేవాడు. నోరు విప్పేవాడు కాదు. ఆవిడ అతణ్ని చూడనట్టే దాటుకుపోయేది. అదీ సాక్ష్యమే అన్నారు ఊళ్లో.

పోలింగు ఇంక అయిదు రోజులుందనగా ఎదటి పక్షం మండల నాయకుడు తాతారావు భుజం మీద చెయ్యేశాడు. "ఈ సాయంత్రం సభకి ఆ తల్లిని నువ్వే తేవాలి తమ్ముడూ. ఒక్క మాట అంటే చాలు, నా కొడుకు పేరు కొట్టేశారని. మిగతాది మేం చూసుకుంటాం."

తాతారావు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక మనసులో ఏదో ముల్లు కదిలింది. ఆవిడకు నిలబడే ఓపిక లేదు. తన లెక్క నిజమైతే ఫరవాలేదు. కాకపోతే? తిన్నగా పడవల పాకకి పోయి అడిగాడు.

"అయ్యగారూ, లోవరాజు పేరు మార్చింది ఎవరంటారు? నేను చెప్పేది నిజమేనంటారా?"

కనకాచారిగారు పలక చివరిదాకా చిత్రిక లాగారు. పొట్టు ఊదారు. సంచి తీసి శిష్యుడి భుజాన తగిలించారు.

"పద."

పోయింది పళ్లాలమ్మ ఇంటికే. నాగూరు మెట్టు మీద ఉన్నాడు. ఆచారిగారు అతణ్ని పలకరించకుండానే ఒరిగిన తలుపు పైకెత్తి, "పట్టుకో నాగూరూ. నేను చెప్పేదాకా వదలకు" అన్నారు. నాగూరు తలుపు వెనక నిలబడి బరువంతా రెండు చేతులతో మోశాడు. ఇవతలికి అతని వేళ్లు తప్ప మొహం కనపడలేదు. ఆచారిగారు గొంతుక్కూర్చుని కొత్త బందుకు మేకులు కొడుతున్నారు.

లోపల పళ్లాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, సభకి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. తాతారావుని చూసి దగ్గరికొచ్చింది.

"బాబూ, నాకు మైకులో మాటాడ్డం అలవాటు లేదు. ఏటనాలో ఇంకోసారి సెప్పు. నా కొడుకు పేరు కొట్టేశారు... అంతేనా?"

"అంతే పిన్నీ" అన్నాడు తాతారావు.

"ఎవరు కొట్టేశారంటే?"

అప్పుడు తలుపు మాట్లాడినట్టయింది.

"ఎవరూ కొట్టెయ్యలేదత్తా" అన్నాడు నాగూరు తలుపు వెనకనుంచి. "ఆళ్లు పిలిచింది లోవరాజునే."

పళ్లాలమ్మ తిరిగింది. ఆ వారం రోజులుగా ఊరు వేసుకున్న ప్రశ్నలన్నిటికీ జవాబు, రెండు గుప్పెళ్ల వేళ్లుగా, తలుపంచున పట్టుకుని నిలబడి ఉంది.

"నీకు సెప్పొద్దన్నాడు. మాటిచ్చాను. ఈ మాట మోయడం నా వల్ల కాటం లేదు. ఆ పొద్దున దొంగల్లో ఇద్దరొచ్చి కాగితం చూసి 'లోవరాజ్' అని పిలిచారు. ఎందుకు ఒక్కణ్నే వదులుతున్నారో, ఎవరు వదలమన్నారో దేవుడికెరుక. మా ఇద్దరికీ గెడ్డాలే, ఇద్దరం ఎముకలే. ఎవరెవరో ఆళ్లకి తెలీదు. నాకు జొరం, కాళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆడు నా భుజం పట్టి ముందుకి తోశాడు. 'లెగరా, నిన్నే' అన్నాడు."

మేకు మీద సుత్తి ఆగిపోయింది. ఎవరేమడిగినా పని ఆపని మనిషి చేతిలో సుత్తి ఆగిపోవడం తాతారావు అదే మొదటిసారి చూశాడు.

"పిచ్చోడా, పిలిచింది నిన్నురా, అన్నాను. మమ్మల్ని కట్టేసిన పాకలో ఆడు మొదట్నుంచీ వెనక గోడకానుకునే కూర్చునేవాడత్తా, పడవలో కూర్చున్నట్టే. నేను ఎగతాళి చేసేవాణ్ని, ఇక్కడ కూడా చుక్కాని నీదేనేంట్రా అని. ఆ పొద్దున అదే మాట నాకు తిప్పి సెప్పాడు. 'చుక్కాని పట్టినోడు ముందు దిగుతాడేంట్రా?' అన్నాడు. అంతే. ఆళ్లు నా రెక్క పట్టుకున్నారు. నన్ను తీసుకొచ్చే ఓడ ఎక్కాక అందులో ఆఫీసరు దొరలకి నా పేరు సెప్పాను, ఆళ్లు కాగితం మార్చుకున్నారు. ఈ ఊరికి సెప్పినోడు లేడు."

తలుపు కొద్దిగా వణికింది.

"వద్దని నేను పెనుగులాడానని సెప్పలేనత్తా. నోటంట వద్దన్న మాట రాలేదు. లేచాను. నడిచాను. అందుకే తప్పయిపోయిందన్నాను."

పళ్లాలమ్మ ఏడుస్తుందనుకున్నాడు తాతారావు. ఏడవలేదు. పడవ రేవుకి తగిలితే వలలూ, మనుషులూ, చేపలూ అన్నీ దిగాక చుక్కాని దగ్గరివాడు దిగడం ఆవిడ పెళ్లయి వచ్చిన నాటినుంచీ చూస్తున్నదే. వాళ్లాయన కూడా వెనకే దిగేవాడు. కానీ నీళ్లు లేని చోట, పడవ లేని చోట, తుపాకుల మధ్య ఒక మట్టిగోడ పక్కన ఆ మర్యాద నిలబడుతుందని ఎవరనుకుంటారు?

"నాకెందుకు సెప్పొద్దన్నాడు?" అంది.

"అమ్మని కాదని ఉండిపోయానని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు, పిలుపు నీకే వచ్చిందని సెప్పు అన్నాడు."

"ఎర్రిమాలోకం" అంది ఆవిడ. ఆ ఒక్క మాటలో కొడుకు మీద కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. దానికి పేరు తాతారావుకి ఈనాటికీ దొరకలేదు.

ఆవిడ తలుపు చుట్టూ తిరిగి వెళ్లి నాగూరు మొహంలోకి చూసింది. "ఎన్నాళ్లయింది నువ్వు కడుపునిండా తిని?"

"ఆడి కూడు నేను తినలేనత్తా."

"ఆడి చోటు తీసుకున్నావు కదా! చోటు నీదయ్యాక కూడు ఇంకెవడు తింటాడు?" అంది గట్టిగా. "ఆడొచ్చేదాకా పొద్దుకీ మాపుకీ ఈ ఇంట్లో ఆడి పీట మీద నువ్వే కూచోవాలి. తప్పించుకుంటే ఊరుకోను. ఆచారిగారూ, ఆ తలుపేదో తొందరగా కానీండి, పొయ్యి రాజెయ్యాలి."

ఆచారిగారు మేకు కొట్టారు. "వదలొచ్చు నాగూరూ" అన్నారు. నాగూరు వదిలాడు. తలుపు తన బందుల మీద తాను నిలబడింది. అతను మాత్రం నిలబడలేక కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"బాబూ," అంది పళ్లాలమ్మ తాతారావుతో, "ఆ మీటింగోళ్లకి నేను రానని సెప్పు. నా కొడుకు పేరు ఎవరూ కొట్టెయ్యలేదని సెప్పు."

ఆ సాయంత్రం సభలో ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. మర్నాడు తాతారావు కొట్లో కొత్త మాట పుట్టింది: ముసల్దాన్ని కొనేశారు. ఆ పై మాట: తాతారావుని కూడా. మేకప్పు సంగతి కనిపెట్టిన పెద్దమనిషిని పక్కకి పిలిచి తాతారావు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన అంతా విని, నవ్వి, వీపు తట్టాడు. "కథ బాగుంది గురూ. ఎవరు రాసిచ్చారు?"

ఎన్నికలయ్యాయి. గెలిచేవాళ్లు గెలిచారు, దండలు వాడిపోయాయి. దొంగలూ ఓడలూ ఊరివాళ్లకి విసుగెత్తిపోయాయి. నాలుగో నెలలో, ఒక బుధవారం పొద్దున పదింటి బస్సుకి, చేతిలో ప్లాస్టిక్ సంచితో ఒక మనిషి దిగి సెంటర్లో నిలబడ్డాడు. డప్పు లేదు, కెమెరా లేదు. వదిలిందెవరో, ఎందుకో అడిగినవాడు కూడా లేడు. గుర్తుపట్టింది తాతారావు ఒక్కడే. కొట్టు తెరిచి ఉండగానే పరిగెత్తుకెళ్లి, లోవరాజు చేతిలో సంచి అందుకుని, రేవుదాకా వెంట నడిచాడు. దారిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయాడు. గుళ్లోకి పోయినప్పుడు కూడా అతనంత మెత్తగా అడుగులు వేసి ఎరగడు.

అక్కణ్నుంచి పడవల పాకకి వచ్చాడు. ఆచారిగారు పడవలోకి నీళ్లు కారకుండా పలకల సందుల్లో నూలు కూరుతున్నారు.

"అయ్యగారూ, లోవరాజు వచ్చాడండి."

"ఊఁ."

"ఒక సంగతి నాకు అంతుబట్టదండి. హోటలన్నా నమ్మారు, సినిమా సెట్టింగన్నా నమ్మారు. నేనల్లిన అరవై గడపల మాట అయితే ఊరంతా నమ్మింది. ఇదొక్కటి చెబితే నవ్వారు. ఎందుకంటారు?"

"నువ్వు నమ్మావా?"

"కళ్లారా చూశాను కదండీ!"

ఆచారిగారు నూలుపోగు చివరిదాకా నొక్కి, తలెత్తి శిష్యుణ్ని చూశారు.

"చూడకపోయుంటే?"

సరే, ఇక లేవండర్రా. పొద్దు నెత్తి మీదికొచ్చింది, ఇళ్ల దగ్గర కంచాల ముందు మీకోసం చూస్తూ ఉంటారు. వెళ్లి వేడివేడిగా ఇంత తినండి.