కౌజుపిట్ట నేర్చుకున్న మాట

అనగనగా ముళ్ళపొదల అడవి ఒకటి ఉండేదర్రా. ఆ పొదల్లో సింహాద్రి అనే కౌజుపిట్ట, అతని పెళ్ళాం నూకాలు కాపురం ఉండేవారు. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. ఇంకా ఎగరడం రాదు.

బడిపంతులుగారి పంజరంలోంచి తప్పించుకొచ్చిన చిలకమ్మ సింహాద్రికి ఒక పెద్ద ఇంగ్లీషు మాట నేర్పింది. "రిఫ్రెయిన్."

"అంటే ఏంటి చిలకమ్మా?"

"చెయ్యాలని ఒళ్ళంతా లాగుతున్నా, చెయ్యకుండా ఆగడం."

సింహాద్రికి ఆ మాట తెగ నచ్చింది. పిల్లలు చెదపురుగుల కోసం తోసుకుంటే, "రిఫ్రెయిన్ చెయ్యండి!" అనేవాడు. నూకాలు కసిరితే, "నువ్వూ రిఫ్రెయిన్ చెయ్యవే!" అనేవాడు.

"ముందు నువ్వు చేసి చూపించు," అని నూకాలు నవ్వేది.

ఒకరోజు పొద్దున్నే పొద అవతల మనిషి అడుగుల చప్పుడైంది. తర్వాత అంతా నిశ్శబ్దం. నూకాలు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

అంతలో ఒక కౌజు కేక.

"ఎవడ్రా లోపల? ఈ పొద ఇక నాది!"

సింహాద్రి మెడ నిక్కించాడు. అలాంటి కేకకి బదులియ్యకుండా ఏ మగ కౌజూ ఉండలేడు. ఆకుల సందులోంచి చూశాడు. పంజరంలో ఒక ముసలి కౌజు. చుట్టూ గడ్డిలో సన్నటి ఉచ్చులు. చెట్టు చాటున వేటగాడు, వాడి కుక్క. ఒక్కసారి పలికితే చాలు, ఆ కుక్క నేరుగా పిల్లల మీదికే వస్తుంది.

"పెళ్ళాం రెక్క చాటున దాక్కున్నావా, పిరికిపందా!" అని మళ్ళీ కేకేశాడు పంజరంలోని కౌజు.

కేక సింహాద్రి గొంతుదాకా వచ్చేసింది.

"ఏమయ్యా," అంది నూకాలు, వినీ వినపడకుండా. "ఆ మాటకి అర్థం నీకు తెలుసు కదయ్యా."

"నీ పిల్లలూ నీలాగే మూగవాళ్ళట్రా?"

సింహాద్రి ముక్కు మట్టిలో గుచ్చి పెట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కుక్క ఒకసారి మూలిగింది. అయినా అతను పలకలేదు.

ఎండెక్కింది. వేటగాడు విసుక్కుంటూ ఉచ్చులు చుట్టుకుని, పంజరం భుజాన వేసుకుని, కుక్కని ఈడ్చుకుంటూ బయలుదేరాడు. పొద పక్కనుంచి పోతుంటే పంజరంలోని ముసలి కౌజు మెల్లగా అన్నాడు.

"ఏమనుకోకు తమ్ముడూ. అలా తిట్టకపోతే నాకు గింజలు వెయ్యడు. ఒకనాడు నన్నూ ఇలాగే ఒకడు పిలిచాడు. నేను పలికాను."

నీతి: ఎవరెంత రెచ్చగొట్టినా నోరు ఆపుకోగలిగితే, మనమూ మనల్ని నమ్ముకున్నవాళ్ళూ క్షేమంగా ఉంటాం.