గడప దాటని సూరప్ప

అనగనగనగా... ఊరి పేరు మర్చిపోయానర్రా, పోనీండి, ఓ రాజుగారుండే ఊరు. ఆయనకి ఏడు గదుల నిండా పుస్తకాలు. ఏడో, తొమ్మిదో. ఆ పుస్తకాల ఇంటికి సూరప్ప కాపలా. నలభై ఏళ్ళూ ఒకే గుమ్మం, ఒకే కర్ర. ఎవరొచ్చినా మూడే ప్రశ్నలు: ఎవరు నువ్వు, ఏం పని, ఎవరి సెలవు? మూడింటికీ జవాబు చెబితేనే లోపలికి. సూరప్ప మాత్రం ఎప్పుడూ లోపలికి పోలేదు. కాపలావాడు గడప దాటకూడదని కట్టడి.

ఊ కొడుతున్నారా? ఏమే చిట్టీ, ఆవులించకు, నాకూ వస్తుంది.

నలభై ఏళ్ళు ఎండలో నిలబడ్డవాడికి తోడెవరు, వాడి నీడే. దాన్ని చూసీ చూసీ ఓ సందేహం పట్టుకుంది. వేసవి మధ్యాహ్నం కాళ్ళ కింద దూరే నీడ, చలికాలం మధ్యాహ్నం అంత పొడుగ్గా ఎందుకు సాగుతుంది? లోపల ఏదో పుస్తకంలో ఉంటుందిట. పండితుల్ని అడిగితే నవ్విపోయారు.

సూరప్ప ముసలివాడయ్యాడు, కొలువు మాన్పించారు. కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. ఇంకో ఏడాది దాటితే అక్షరం ఆనదని వైద్యుడు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే రాజుగారు చాటింపు వేయించారు. ఇకమీదట పుస్తకాల ఇల్లు అందరిదీ, కాపలా లేదు, రుసుము లేదు, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు అని.

సూరప్ప తెల్లారగానే తలపాగా చుట్టుకుని వెళ్ళాడు. తలుపు బార్లా తీసుంది, గుమ్మంలో ఎవరూ లేరు. అడిగేవాళ్ళు లేకుండా ఎలా పోవడం? తనే తనని అడిగాడు. ఎవరు? సూరప్పని. ఏం పని? నీడ సంగతి. ఎవరి సెలవు? అక్కడ నోరు పెగల్లేదు. ఇంటికొచ్చేశాడు. మర్నాడూ అంతే. ఎవరు, ఏం పని, ఎవరి సెలవు, ఇంటికి. ఆ మర్నాడూ అంతే. ఎవరు, ఏం పని, ఎవరి సెలవు, ఇంటికి. నెల గడిచింది, పొరలు ముదిరాయి. నవ్వకండర్రా, నాకేడుపొస్తుంది.

కోడలు నాంచారి గడుసుది. రాజుగారే సెలవిచ్చారు కదా మామయ్యా అంటే, అందరికీ ఇచ్చారు గానీ నాకివ్వలేదే అన్నాట్ట. అందరిలో తనున్నాడో లేడో సూరప్పకి తేలలేదు. నాకూ ఒక్కోసారి తేలదనుకోండి.

మర్నాడు నాంచారి తనే కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మూడు ప్రశ్నలూ అడిగింది. మూడోదానికి సూరప్ప బిక్కమొహం వేశాడు.

"నలభై ఏళ్ళూ ఈ గుమ్మంలో జనాన్ని లోపలికి పంపిందెవరు మామయ్యా?"

"నేనేనమ్మా."

"మరి పంపెయ్యండి."

సూరప్ప అటూ ఇటూ చూసి, "సూరప్పా, పో లోపలికి" అని గట్టిగా అరిచి గడప దాటేశాడు!

సాయంత్రం ఇంటికొచ్చి ఒకటే సంబరం. చలికాలం సూర్యుడు దక్షిణంగా, కిందుగా పోతాడుట, అందుకే నీడ సాగుతుందిట. అలా ఎందుకు పోతాడు అని కోడలు అడిగింది. అది సూరప్ప ఇంకా చదవలేదు. మళ్ళీ అయోమయం. ఈసారి మర్నాడు ఎవరూ పంపకుండానే పరిగెత్తాడు.

కళ్ళు పోయాయా అంటావేమే? పోయాయి. అప్పటికే నాంచారికి అక్షరాలు నేర్పేశాడు. ఆవిడ చదువుతుంటే ఆయన వినేవాడు, అర్థం కాకపోతే ఇద్దరూ కలిసి బుర్ర గోక్కునేవాళ్ళు. ఎంత సుఖంగా ఉన్నారో! చదువుకోడానికి తలుపు తీసుంటే మనల్నే రమ్మంటున్నట్టర్రా, తెలిసిందా?

కథ కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం.