ఇంటిపేరు మార్చుకున్న వైనం

మస్కట్‌లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నా, తెలివైనవాళ్ళం మాత్రం ముగ్గురమే. మా బావగారు గంగాధరంగారు, ఆయన తమ్ముడూ నా మొగుడూ అయిన కామేశం, నేను. ఈ మాట మేమే చెప్పుకుంటాం, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. బావగారు టైల్స్ షాపులో పనిచేస్తారు. మా ఆయన వ్యాను నడుపుతాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఏ కాగితం వచ్చినా బావగారు పైకి చదవడం, మేం అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యడం మా ఇంటి పద్ధతి.

నా పాస్‌పోర్టు గడువు అయిపోవచ్చింది. పెళ్ళయి రెండేళ్ళయినా అందులో నేనింకా పుట్టింటి పేరుతో పంపన సత్యవేణినే. కొత్త దాంట్లో నేరెళ్ళ సత్యవేణి అని వేయించుకుందామనుకున్నాం. సరిగ్గా అప్పుడే మండపేటలో మా చెల్లి రత్నమాలకి పెళ్ళి కుదిరింది. "అక్కా, నాకు పారాణి నువ్వే పెట్టాలి. ఇంకెవరు పెట్టినా ఒప్పుకోను" అని ఫోన్లో ఏడ్చింది. అది నా చేతుల్లో పెరిగిన పిల్ల. నాకు ప్రాణం లాగేసింది. నలభై రోజుల టైముంది కదా అని నాకూ బావగారికీ టికెట్లు కూడా కొనేశాం. మా ఆయనకి సెలవు దొరకలేదు.

బావగారు ఫారం చదివారు. "ఫొటోలో నవ్వకూడదు."

ఇంకేముంది, స్టూడియోలో కూర్చున్నాను. చెల్లి పెళ్ళి గుర్తొస్తే నవ్వు ఆగదు. ఫొటో తీసేవాడు విసుక్కుంటున్నాడు.

"ఏం చెయ్యమంటారు బావగారూ, పెళ్ళి తలుచుకుంటే నవ్వొచ్చేస్తోంది."

"అయితే ఆ పెళ్ళి తప్పిపోయిందనుకో అమ్మాయ్."

అనుకున్నాను. అంతే, భోరుమన్నాను. అదే అదనని వాడు ఫొటో తీశాడు. "చూశావా, ఒక్క పన్నైనా కనబడలేదు" అని బావగారు మురిసిపోయారు. నేను మాత్రం ఇంటికొచ్చి మా అమ్మకి ఫోను చేసి, "రత్నమాల పెళ్ళి తప్పిపోయిందటమ్మా" అని మళ్ళీ ఏడ్చాను. మా నాన్న పందిరి వేసేవాణ్ణి అప్పటికప్పుడే వెనక్కి పంపేశాడు. వాణ్ణి మళ్ళీ పిలిపించేసరికి రెండు రోజులు పట్టింది.

పాస్‌పోర్టు ఆఫీసులో నా ఫొటో చూసి అక్కడి మేడమ్ గారు నన్ను పక్కకి పిలిచింది. "ఇంట్లో నిన్నెవరైనా బాధపెడుతున్నారామ్మా? భయపడకుండా చెప్పు" అంది.

"అబ్బే, లేదండీ. మా బావగారే దగ్గరుండి ఏడిపించారు" అన్నాను ధైర్యంగా.

ఆవిడ అప్పుడు బావగారి వంక చూసిన చూపు నేనీ జన్మలో మర్చిపోను. ఇంకో ఫొటో తెమ్మంది, వారం తర్వాత రమ్మంది. పేరు మార్పుకి ప్రమాణ పత్రం కూడా కావాలంది.

ఆ పత్రం రాయించాం. "నేటి నుండి నా పాత పేరును పూర్తిగా విడిచిపెట్టి, అన్ని చోట్లా, అన్ని పనులకూ కొత్త పేరునే వాడుతాను" అని ఉంది అందులో. సంతకం పెట్టాను.

"ప్రమాణం అంటే మాటలు కాదు" అన్నారు బావగారు. నల్ల మార్కరు తీశారు. నేను ఫైలు తీశాను. పదో తరగతి సర్టిఫికెట్లో పాత పేరు కొట్టేశాం. మా పెళ్ళి శుభలేఖలో కొట్టేశాం. మా అమ్మ పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు క్యారేజీని మా ఆయన సాయంత్రమంతా కూర్చుని గరుకు కాగితంతో రుద్దాడు. పెళ్ళి సర్టిఫికెట్లోనూ కొట్టేశాం. పాత పాస్‌పోర్టు మీద ప్లాస్టిక్ పొర ఉండి సిరా అంటలేదు కాబట్టి అది బతికింది.

"ఇదేంటి?" అంది మేడమ్, పెళ్ళి సర్టిఫికెట్ వెలుతురుకి పట్టుకుని. "ఈ కామేశం ఎవర్ని పెళ్ళి చేసుకున్నాడు?"

"నన్నేనండీ."

"ఇక్కడ నల్లగీత ఉందమ్మా!"

"ఆ గీత నేనేనండీ."

అంతే. మండపేట నుంచి మా నాన్న ఇంకో కాపీ తీయించి పంపేసరికి ఇరవై రోజులు ఎగిరిపోయాయి. చెల్లి రోజూ ఫోను. "పాస్‌పోర్టు వచ్చిందా అక్కా? పాస్‌పోర్టు వస్తుందా?"

ఆ కాపీ పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. పొద్దున్నే వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాం. కాసేపటికి లోపలి నుంచి "పంపన సత్యవేణి!" అని పిలిచారు. నేను లేవబోయాను. బావగారు నా కొంగు పట్టి కూర్చోబెట్టారు.

"పలక్కు. ఆ పేరు మనది కాదు. మాట మీద నిలబడతామో లేదో పరీక్ష చేస్తున్నారు."

నాలుగుసార్లు పిలిచారు. నాలుగుసార్లూ మేం గోడ వైపు చూశాం. ఆ పంపన సత్యవేణి ఎవరోగానీ ఎంత నిర్లక్ష్యం మనిషని పక్కావిడతో నేనే అన్నాను. మధ్యాహ్నం కిటికీ మూసేస్తుంటే అప్పుడు మేడమ్ మమ్మల్ని చూసి తల పట్టుకుంది. పాపం, జాలిపడి కాగితాలు తీసుకుంది.

ప్రయాణం రోజు పొద్దున్న పాస్‌పోర్టు వచ్చింది. నేరెళ్ళ సత్యవేణి. ముగ్గురం కళ్ళకద్దుకుని విమానాశ్రయానికి పరుగెత్తాం.

కౌంటర్లో అమ్మాయి చూసి, "టికెట్ పంపన పేరు మీద ఉంది. ఈవిడ ఈ విమానం ఎక్కడానికి వీల్లేదు. పేరు మార్పించుకుంటే సాయంత్రం విమానానికి పంపుతాం" అంది.

"మరి పాస్‌పోర్టు?" అన్నారు బావగారు.

"పాస్‌పోర్టు బాగానే ఉందండీ."

బావగారి ముఖం వెలిగిపోయింది. "విన్నావా అమ్మాయ్? వీల్లేనిది నీకే, దానికి కాదు. అక్కడ వాళ్ళు నలభై రోజుల్నించి పాస్‌పోర్టు వస్తుందా, వస్తుందా అని అడుగుతున్నారు. దాన్ని నేను తీసుకెళతా. నువ్వు సాయంత్రం వచ్చేయ్."

ఎంత ముందుచూపు! నా కంగారులో నేనైతే ఎక్కడో పారేసుకుందును. పాస్‌పోర్టుని ఆయన జేబులో పెట్టి, రెండు చేతులా దణ్ణం పెట్టాను. ఆయన వెళ్ళిపోయారు. మా ఆయన గంటసేపు తిరిగి పేరు మార్పించి, సాయంత్రం టికెట్ సంపాదించి, రొప్పుతూ వచ్చాడు.

"పాస్‌పోర్టు ఇవ్వండి" అంది ఆ అమ్మాయి.

మా ఆయన నావంక చూశాడు. నేను పైకి చూశాను.

పెళ్ళి ఫోన్లో చూశాను. చెల్లి పెళ్ళికూతురై కూర్చుని, కాళ్ళు ముడుచుకుని, "అక్క వస్తేనే పారాణి, లేకపోతే వద్దు" అని ఏడుస్తోంది. నాకు దుఃఖం ఆగలేదు. నా తెలివి మీద మొదటిసారి అనుమానం వచ్చింది.

బావగారు ముందుకొచ్చారు. నా పాస్‌పోర్టు తెరిచి చెల్లి ఒళ్ళో పెట్టారు. "ఏడవకు తల్లీ, ఇదిగో మీ అక్క, గవర్నమెంటు ముద్రతో సహా" అన్నారు. నా ఫొటోకి మా అమ్మ బొట్టు పెట్టింది. ఎవరో గంధం పూశారు, పన్నీరు చల్లారు. "ఇక అక్క చేత్తోనే పెట్టిద్దాం" అని బావగారు నా పేరున్న పేజీని పారాణి గిన్నెలో ముంచి, దాని అంచుతో చెల్లి పాదం చుట్టూ గీత దిద్దారు.

చెల్లి నవ్వింది. ఫోన్లో నేనూ కళ్ళు తుడుచుకుని, ఇంకాస్త దగ్గరగా చూసి కేకేశాను.

"బావగారూ, ఎడం పాదానికి సరిగ్గా అంటలేదు. ఇంకోసారి బాగా ముంచండి!"